బాకీదారే బోర్డులో కూర్చుంటే బాకీ అడిగేదెవరు?

మార్కాపురంలో కరెంటు బిల్లు కాగితం మీద కంపెనీ పేరు ఎన్నిసార్లు మారిందో పెద్దవాళ్లను అడగండి. మొదట రాష్ట్ర విద్యుత్ బోర్డు. 1999లో ఆ బోర్డును ముక్కలు చేశారు. 2000 ఏప్రిల్ నుంచి తిరుపతి కేంద్రంగా దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి విజయవాడ కేంద్రంగా సీపీడీసీఎల్ వచ్చింది. గిద్దలూరు కదల్లేదు. కంభం చెరువు కదల్లేదు. ఎర్రగొండపాలెం ఎక్కడుందో అక్కడే ఉంది. మన కంపెనీ ఆఫీసు మాత్రం హైదరాబాదు నుంచి తిరుపతికి, తిరుపతి నుంచి విజయవాడకు ఊరేగింది.

పశ్చిమ ప్రకాశానికి ఇది కొత్త కాదు. 1970 ఫిబ్రవరి దాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు అటు కలిపారు. మార్కాపురం కేంద్రంగా జిల్లా ఇస్తామని ప్రభుత్వం నిర్ణయించేసరికి 2025 వచ్చింది. జిల్లా ఏదైనా, కంపెనీ ఏదైనా ఒక సంగతి మాత్రం మారలేదు. మన సొమ్ముతో నడిచే ప్రభుత్వ కంపెనీల్లో నిర్ణయాలు చేసే గది ఒకటి ఉంటుంది. దాన్నే డైరెక్టర్ల బోర్డు అంటారు. ఆ గదిలో ఎవరు కూర్చోవాలని మనల్ని ఏనాడూ ఎవరూ అడగలేదు. మనమూ అడగలేదు.

రోడ్డు అడిగాం. వెలిగొండ అడిగాం. జిల్లా అడిగాం. ఉద్యోగాలు అడిగాం. బోర్డులో కుర్చీ సంగతి మాత్రం మన ఎజెండాలో లేదు. అది చార్టర్డ్ అకౌంటెంట్ల గొడవ అనుకున్నాం. కాదు. అది బోరు రైతు గొడవ, పలకల ఫ్యాక్టరీ కార్మికుడి గొడవ, డిపోలో కండక్టరు గొడవ.

కంపెనీ చేసింది ఎందుకు?

1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేసినప్పుడు పాలకులు చెప్పిన మాటలు గుర్తు చేసుకుందాం. విద్యుత్ బోర్డు రాజకీయ జోక్యంతో చెడిపోయిందన్నారు. దాన్ని కంపెనీలుగా విడగొడితే ఒక్కో కంపెనీకి ఒక్కో బోర్డు ఉంటుందనీ, లాభనష్టాలకు ఆ బోర్డే జవాబు చెబుతుందనీ, మంత్రి ఫోను చేస్తే నిర్ణయాలు మారవనీ చెప్పారు. ప్రపంచ బ్యాంకు అప్పు కూడా ఆ మాట మీదే తెచ్చారు. 1999 ఫిబ్రవరి 1న జెన్‌కో, ట్రాన్స్‌కో పుట్టాయి. మరుసటి ఏడాది నాలుగు పంపిణీ కంపెనీలు పుట్టాయి. అదే ఏడాది ఆగస్టు 28న ఛార్జీల పెంపును వ్యతిరేకిస్తూ కదిలిన జనం మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి.

పాతికేళ్లు గడిచాయి. కంపెనీ అయితే వచ్చింది. కంపెనీకి ప్రాణమైన బోర్డు స్వతంత్రంగా నిలబడిందా?

కంపెనీల చట్టం లెక్కన బోర్డులో మూడు రకాల వాళ్లుంటారు. ఒకరు రోజూ పనిచేసే డైరెక్టర్లు. ఆర్థికం, సాంకేతికం, ప్రాజెక్టులు, సిబ్బంది వ్యవహారాలు వాళ్ల చేతిలో ఉంటాయి. రెండోవారు యజమాని తరఫున కూర్చునే నామినీలు. ప్రభుత్వ కంపెనీకి యజమాని ప్రభుత్వం కాబట్టి వీళ్లు అధికారులు. మూడోవారు స్వతంత్ర డైరెక్టర్లు. వీళ్లు ఆ కంపెనీలో జీతగాళ్లు కాదు, యజమాని మనుషులూ కాదు. లెక్క తప్పితే తప్పింది అని చెప్పడానికే వీళ్లుండాలి. ఒక స్థాయి దాటిన పబ్లిక్ కంపెనీలకు కనీసం ఇద్దరు స్వతంత్ర డైరెక్టర్లుండాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలకు 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. స్టాక్ మార్కెట్లో లేని కంపెనీల్లో కూడా బోర్డులో మూడోవంతు స్వతంత్రులుండాలనీ, ప్రభుత్వ నామినీలు ఇద్దరికి మించకూడదనీ రాశాయి. రాష్ట్ర ప్రభుత్వ కంపెనీలకు ఆ మార్గదర్శకాలు వర్తించవు. వర్తింపజేసుకోవాలన్న ఆత్రం మన పాలకులకు లేదు.

చట్టంలో ఇంకో కిటుకు ఉంది. మామూలు కంపెనీలో స్వతంత్ర డైరెక్టరు నిజాయితీ, అనుభవం ఉన్నవాడా కాదా అని అభిప్రాయం చెప్పాల్సింది బోర్డు. ప్రభుత్వ కంపెనీల విషయంలో 2015 జూన్‌లో కేంద్రం ఇచ్చిన మినహాయింపు ప్రకారం ఆ అభిప్రాయం చెప్పేది సంబంధిత మంత్రిత్వ శాఖ, లేదా రాష్ట్ర ప్రభుత్వం. అంటే ప్రభుత్వాన్ని ప్రశ్నించాల్సిన మనిషికి అర్హత పత్రం రాసిచ్చేది కూడా ప్రభుత్వమే. పిల్లి మెడలో గంట కట్టేవాణ్ణి ఎంపిక చేసే పని పిల్లికే అప్పగించారు.

సబ్సిడీ మాట, సొమ్ము బాట

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం.

2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చాలా సూటిగా ఉంటుంది. ఏ వర్గానికైనా తక్కువ ధరకు, లేదా ఉచితంగా కరెంటు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంటే, ఆ నష్టాన్ని పంపిణీ కంపెనీకి ముందుగా చెల్లించాలి. తర్వాత కాదు, వీలున్నప్పుడు కాదు, ముందుగానే. ఉచిత విద్యుత్తు రైతుకు హక్కుగా ఇవ్వాల్సిందే. 2004 నుంచి అది ఇస్తున్నారు. అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ డబ్బు కంపెనీకి ఎప్పుడు చేరుతుందన్న దగ్గరే.

2025-26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి లెక్క కట్టిన లోటు సుమారు 12,600 కోట్ల రూపాయలు. అది ప్రభుత్వం భరించాల్సిన సొమ్ము. ఇంత పెద్ద మొత్తం ఒక్క నెల ఆలస్యమైనా కంపెనీ ఏం చేయాలి? కరెంటు కొన్నవాళ్లకు డబ్బు కట్టాలి, జీతాలివ్వాలి. అప్పు తేవాలి. అప్పుకు వడ్డీ కట్టాలి. వడ్డీ కట్టాక కొత్త సబ్‌స్టేషన్‌కు, కొత్త ట్రాన్స్‌ఫార్మర్లకు డబ్బు మిగలదు. అప్పు కొండైతే అప్పుడొక పథకం వస్తుంది. 2015 నవంబరులో కేంద్రం ఉదయ్ తెచ్చింది. 2016లో ఆంధ్రప్రదేశ్ అందులో చేరి డిస్కంల అప్పు 8,256 కోట్లు తన నెత్తిన వేసుకుంది. ప్రభుత్వం నెత్తిన అంటే ఎవరి నెత్తిన? మన నెత్తినే.

ఇక్కడే బోర్డు కూర్పు అసలు ప్రశ్న అవుతుంది. ఒక మామూలు వ్యాపారిని ఊహించుకోండి. పొదిలి రోడ్డులో కిరాణా కొట్టు. ఊళ్లో అందరికన్నా పెద్ద ఖాతాదారు ఆర్నెల్లుగా బాకీ కట్టడం లేదు. కొట్టు యజమాని వెళ్లి అడుగుతాడు, పెద్దమనుషుల్లో పెడతాడు, కాదంటే సరుకు ఆపుతాడు. ఇప్పుడు అదే ఖాతాదారు కొట్టుకు యజమాని కూడా అనుకోండి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న గుమాస్తాను నియమించింది అతనే. గుమాస్తా కొలువు ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అని తేల్చేదీ అతనే. ఆ గుమాస్తా బాకీ అడుగుతాడా? అడగడు. బాకీని కొట్టు నష్టం కింద రాసి, ఆ నష్టానికి మిగతా ఖాతాదారుల సరుకు ధర పెంచుతాడు.

మన డిస్కంల పరిస్థితి ఇదే. వాటా మొత్తం ప్రభుత్వానిది. సీఎండీని నియమించేది ప్రభుత్వం. డైరెక్టర్లను నియమించేది ప్రభుత్వం. పొడిగింపు ఇచ్చేది ప్రభుత్వం. అతి పెద్ద బాకీదారూ ప్రభుత్వమే. కరెంటు అమ్మే జెన్‌కోకు యజమానీ ప్రభుత్వమే. బాకీదారే బోర్డును నియమిస్తే బాకీ అడిగేదెవరు?

ఆ అధికారులు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. చాలామంది సమర్థులు. సమర్థుణ్ణి కూడా అడగలేని కుర్చీలో కూర్చోబెట్టడమే ఈ ఏర్పాటు. నామినీ అయినా సరే డైరెక్టరు కంపెనీ మేలు కోసం, ఉద్యోగుల కోసం, సమాజం కోసం నిజాయితీగా పనిచేయాలని కంపెనీల చట్టం 166వ సెక్షన్ చెబుతోంది. కానీ ఉదయం సచివాలయంలో ఫైలు ఆపిన శాఖ మనిషే మధ్యాహ్నం బోర్డు సమావేశంలో ఆ ఫైలు ఎందుకు ఆగిందని ఎలా అడుగుతాడు?

బిల్లులో వచ్చిపడే సర్దుబాటు

దీని ఫలితం ఎక్కడ తేలుతుంది? బిల్లులో. 2024 చివర్లో సర్దుబాటు ఛార్జీల పేరుతో రెండు మొత్తాలు వినియోగదారుల మీద పడ్డాయి. 2022-23 కింద 6,072 కోట్లు, 2023-24 కింద 9,412 కోట్లు. ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు అంచనాలను దాటిపోయింది కాబట్టి వసూలు చేస్తామన్నారు. అప్పటి ప్రభుత్వ పాపమని ఇప్పటివాళ్లు, ఇప్పటి ప్రభుత్వ మోసమని అప్పటివాళ్లు ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకున్నారు. రెండు పార్టీల వాళ్లూ ఒక్క ప్రశ్న మాత్రం వేయలేదు. ఆ రెండేళ్లలో మార్కెట్లో ఎక్కువ ధరకు కరెంటు కొంటున్నప్పుడు ఆ కంపెనీల బోర్డుల్లో ఎవరైనా లేచి వద్దన్నారా? మరో దారి చూపారా? బిల్లు కట్టే మనిషి ఒక్కడైనా ఆ గదిలో ఉన్నాడా?

పెద్ద ఒప్పందాలదీ అదే తీరు. 2021 డిసెంబరు 1న రాజస్థాన్‌లో తయారయ్యే 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తు కోసం కేంద్ర సంస్థ సెకీతో యూనిట్ 2 రూపాయల 49 పైసల చొప్పున 25 ఏళ్ల ఒప్పందం కుదిరింది. సంతకాలు డిస్కంలవి. 2024 నవంబరులో అమెరికాలో ఆ వ్యవహారం మీద లంచాల ఆరోపణలతో అభియోగపత్రం బయటికొచ్చింది. ఆరోపణలను కంపెనీ ఖండించింది. నిజమేమిటో కోర్టులు తేల్చాలి. మన ప్రశ్న వేరు. పుట్టిన బిడ్డ పెళ్లీడుకొచ్చేదాకా కట్టాల్సిన ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు బోర్డుల్లో ఎంతసేపు చర్చ జరిగింది? ఎవరు ఏం అడిగారు? ఆ మినిట్స్ ప్రజల ముందు పెట్టడానికి అడ్డమేమిటి?

మన బోర్లు, వాళ్ల అంచనాలు

పశ్చిమ ప్రకాశానికి ఈ సంగతి మిగతావాళ్లకన్నా ఎందుకు ఎక్కువ తగులుతుంది? మనకు కాలువ లేదు. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం వెనక జలాల నుంచి 43.5 టీఎంసీలు తెచ్చి 4.47 లక్షల ఎకరాలకు ఇస్తామన్నారు. జంట సొరంగాల ప్రారంభోత్సవం జరిగేసరికి 2024 మార్చి వచ్చింది. శంకుస్థాపనకూ ఆ రిబ్బను కత్తిరింపుకూ మధ్య 28 ఏళ్లు. ఆ 28 ఏళ్లూ మన రైతు నమ్ముకున్నది బోరును, కరెంటును. డెల్టా రైతుకు కాలువ ఎంతో, మనకు కరెంటు తీగ అంత.

వ్యవసాయ బోర్లలో ఎక్కువ భాగానికి మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర నమూనా మీటర్లు పెట్టి, ఆ లెక్కను మొత్తానికి గుణించి, రైతులు ఇంత వాడారని అంచనా వేస్తారు. అంచనా పెరిగితే నష్టాల లెక్క తగ్గుతుంది. తీగల్లో పోయిన కరెంటు, దొంగిలించిన కరెంటు, కొలత తప్పిన కరెంటు అన్నీ రైతు ఖాతాలో దూరడానికి అవకాశముంది. దీని మీద విద్యుత్ రంగ నిపుణులు, రైతు సంఘాలు నియంత్రణ మండలి బహిరంగ విచారణల్లో ఏళ్ల తరబడి అభ్యంతరాలు చెబుతూనే ఉన్నారు. విచారణలో రైతు మూడు నిమిషాలు మాట్లాడి మైకు ఇచ్చేస్తాడు. బోర్డులో అయితే అదే ప్రశ్నను మూడు నెలలకోసారి, జవాబు వచ్చేదాకా అడగొచ్చు. మాట్లాడే హక్కు వేరు, కూర్చునే హక్కు వేరు.

మన దొనకొండ కథ కూడా ఇంతే. 2014 సెప్టెంబరులో శాసనసభలో దొనకొండకు పారిశ్రామిక నగరం ప్రకటించారు. పారిశ్రామిక భూముల పని చూసేది ఏపీఐఐసీ. 1973 నుంచి ఉన్న ప్రభుత్వ కంపెనీ అది. పదేళ్లు దాటినా ఆ నగరం కాగితం దాటలేదు. ఏ ప్లాటుకు ముందు రోడ్డు వేయాలి, ఏ ప్రాంతానికి ముందు నీళ్లివ్వాలి అని వరుస నిర్ణయించే బల్ల చుట్టూ దొనకొండ ఎండ తెలిసినవాడు లేకపోతే, వరుసలో దొనకొండ చివరికి పోవడంలో వింతేముంది?

కుర్చీ ఖాళీ లేదు, మనిషే లేడు

అలాగని బోర్డుల్లో బయటివాళ్లకు చోటే లేదనుకోవద్దు. చోటుంది. 2021 జులైలో ఒకే రోజు 135 నామినేటెడ్ పదవులు ప్రకటించారు. ప్రభుత్వం మారింది. 2024 సెప్టెంబరులో 20 కార్పొరేషన్లలో 99 పదవులు మొదటి విడతగా ప్రకటించారు. రెండుసార్లూ పత్రికల్లో కులాల వారీ లెక్కలు వచ్చాయి, పార్టీకి ఎవరు ఎంత సేవ చేశారో వచ్చింది. ఆ సంస్థ పని గురించి ఎవరికి ఏం తెలుసన్న లెక్క ఎక్కడా రాలేదు. టిక్కెట్టు రానివాళ్లకు, ఓడిపోయినవాళ్లకు కార్పొరేషన్లు పునరావాస కేంద్రాలయ్యాయి. సామాజిక న్యాయం కావాల్సిందే. వెనుకబడిన కులాల నుంచి, దళితుల నుంచి, మైనారిటీల నుంచి, మహిళల నుంచి డైరెక్టర్లు రావాల్సిందే. కానీ బ్యాలెన్స్ షీటు చదవనివ్వకుండా, కారు, గది, బొకే ఇచ్చి కూర్చోబెట్టడం న్యాయం కాదు. అది ఆ వర్గాలకే అవమానం.

ఆర్టీసీ చూడండి. మార్కాపురం, గిద్దలూరు డిపోల ఉద్యోగులకు ఈ కథ నోటికొచ్చు. విద్యార్థుల పాసులు, రాయితీలు ఇమ్మని ప్రభుత్వం చెబుతుంది, సంస్థ ఇస్తుంది, డబ్బు కోసం ఎదురు చూస్తుంది. 2020 జనవరి 1న ఉద్యోగులు ప్రభుత్వంలో విలీనమయ్యారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మన ఆడపడుచులు టిక్కెట్టు లేకుండా బస్సెక్కడం మంచిదే. ఆ టిక్కెట్టు డబ్బు నెలనెలా సంస్థకు చేరుతోందా లేదా, కొత్త బస్సులకు ఏం మిగులుతోంది అని బోర్డులో నిలదీసే మనిషి ఎవరన్నదే ప్రశ్న.

సింగరేణి ఇంకా పెద్ద పాఠం. అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. ఇద్దరు యజమానులు, ఇద్దరి నామినీలూ బోర్డులో ఉంటారు. అయినా బొగ్గు కొన్న ప్రభుత్వ విద్యుత్ సంస్థల నుంచి రావాల్సిన బకాయిలు వేల కోట్లకు పేరుకుపోయాయి. గనిలో దిగే కార్మికుడి చెమట ఇంకో ప్రభుత్వ సంస్థ ఖాతాలో బాకీగా పడి ఉంటుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు.

సత్యం చెప్పిన సత్యం

కొందరు మేధావులు వెంటనే ఒక మందు చెబుతారు. ప్రైవేటుకు ఇచ్చేయండి, మంచి బోర్డు వస్తుంది అంటారు. వాళ్లకు మన హైదరాబాదు నుంచే జవాబుంది. సత్యం కంప్యూటర్స్ బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లకు కొదవ లేదు. పేరున్న ప్రొఫెసర్లు, పెద్ద పదవులు చేసి రిటైరైన అధికారులు ఉన్నారు. 2008 డిసెంబరు 16న ఆ బోర్డు యజమాని కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి కొనడానికి ఒప్పుకుంది. షేర్లు కొన్నవాళ్లు తిరగబడితే గంటల్లో వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న అధిపతి తానే లెక్కలు తప్పుగా రాశానని ఒప్పుకున్నాడు. 7,000 కోట్ల పైచిలుకు బొంకు. పెద్ద పేర్లు, పెద్ద డిగ్రీలు ఏమయ్యాయి?

కాబట్టి బోర్డులో ఎందరు పండితులున్నారన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, వాళ్లను అక్కడ కూర్చోబెట్టిందెవరు, లేపగలిగేదెవరు, కంపెనీ మునిగితే వాళ్ల ఇంట్లో ఎవరి పొయ్యి ఆరుతుంది. సత్యం బోర్డు యజమాని మొహం చూసింది. మన ప్రభుత్వ కంపెనీల బోర్డులు సచివాలయం మొహం చూస్తున్నాయి. జబ్బు ఒకటే.

మందు కూడా లోకంలో లేక కాదు. జర్మనీలో 1976 చట్టం ప్రకారం 2,000 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు ఉద్యోగుల ప్రతినిధులవి. న్యూజిలాండ్‌లో 1986 నాటి ప్రభుత్వ సంస్థల చట్టం, సర్కారు తన కంపెనీతో లాభం లేని పని చేయించుకోవాలంటే ముందు ఒప్పందం రాసుకుని డబ్బు కట్టాలంటుంది. అక్కడ ఆ దారి వెంటే కొన్ని సంస్థల అమ్మకం కూడా జరిగింది. మనకు ఆ అమ్మకం అక్కర్లేదు, ఆ ఒప్పందం కావాలి.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. సిరిసిల్లలో 1970 నుంచి సహకార విద్యుత్ సరఫరా సంఘం ఉంది. సెస్ అంటారు. దాని డైరెక్టర్లను సభ్యులైన వినియోగదారులు ఓటు వేసి ఎన్నుకుంటారు. 2022 డిసెంబరులో 15 డైరెక్టర్ పదవులకు ఎన్నికలు జరిగాయి. పార్టీలు అక్కడా జొరబడ్డాయి, నిజమే. అయినా బిల్లు కట్టేవాడు ఓటు వేసి కుర్చీ ఇవ్వడం, ఓటు వేసి దింపడం తెలుగు నేల మీద సాధ్యమేనని అది రుజువు చేసింది.

మన రాజ్యాంగంలోనూ ఉంది. యాజమాన్యంలో కార్మికులకు పాలు ఉండాలని 1976లో 43ఎ అధికరణం చేర్చారు. జాతీయ బ్యాంకుల బోర్డుల్లో ఉద్యోగి డైరెక్టర్లు ఉండాలని 1970 చట్టమే చెప్పింది. 2014 తర్వాత ఆ కుర్చీలను ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచారు. ఖాళీ కుర్చీ ప్రశ్నలు వేయదు కదా.

రాష్ట్రం వస్తే బోర్డు మారుతుందా?

ప్రత్యేక రాష్ట్రం కోరే మనం ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. రాష్ట్రం వస్తే అన్నీ సర్దుకుంటాయని మనం ఊరూరా చెబుతున్నాం. తెలంగాణ 2014 జూన్ 2న వచ్చింది. విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులో 91 ప్రభుత్వ కంపెనీలు, కార్పొరేషన్లు ఉన్నాయి. ఆస్తులెవరికి, అప్పులెవరికి, ప్రధాన కార్యాలయం భవనం ఎవరికి అని షీలా భిడే కమిటీ ముందు, కోర్టుల్లో, రెండు ప్రభుత్వాల మధ్య ఏళ్ల తరబడి పంచాయితీ నడిచింది. ఇంత గొడవలోనూ ఆ కంపెనీల బోర్డుల్లో ఎవరు కూర్చోవాలి, ఎలా ఎంపిక చేయాలన్న చర్చ జరగలేదు. పేర్లలో ముందు అక్షరాలు మారాయి. కూర్పు పాతదే. కొత్త రాష్ట్రం డిస్కంలు కూడా 2017 జనవరిలో అదే ఉదయ్ గుమ్మం ముందు నిలబడ్డాయి.

మన పోరాటం గెలిచిన నాడు మనకూ డిస్కం వస్తుంది, ఆర్టీసీ వస్తుంది, ఖనిజ సంస్థ వస్తుంది. విజయవాడ బదులు మన ఊరి పేరుతో గేటు ముందు నామఫలకం రాసి తగిలిస్తారు. గేటు బయటి బోర్డు మారి, గది లోపలి బోర్డు మారకపోతే అది పాత పలక మీద కొత్త పేరు మాత్రమే. మార్కాపురం వాళ్లకు పలక సంగతి ఇంకొకరు చెప్పాలా? పైన పేరు ఎంత అందంగా రాసినా, కింద లెక్క తప్పితే తప్పే.

అందుకే రాష్ట్రం వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రతి ప్రభుత్వ కంపెనీ బోర్డులో మూడోవంతు స్వతంత్రులుండాలి. వాళ్లను ఏరేది శాఖ మంత్రి కాకూడదు. ప్రతిపక్షం కూడా ఉన్న శాసనసభ కమిటీ బహిరంగంగా ఎంపిక చేయాలి. ఉద్యోగులు రహస్య ఓటుతో ఎన్నుకున్న డైరెక్టరు ఒకరు, వినియోగదారులు ఎన్నుకున్న డైరెక్టరు ఒకరు ఉండాలి. పంపిణీ కంపెనీలో వెనుకబడిన మెట్ట ప్రాంతానికి ఒక కుర్చీ విడిగా కేటాయించాలి. ప్రభుత్వ బకాయి మీద చర్చ వచ్చినప్పుడు ప్రభుత్వ నామినీకి ఓటు ఉండకూడదు. సీఎండీకి నిర్ణీత పదవీకాలం ఉండాలి, కారణం రాయకుండా బదిలీ చేయకూడదు. ప్రభుత్వం ఏ సంస్థకు ఎంత బాకీ ఉందో మూడు నెలలకోసారి ప్రతి సబ్‌స్టేషన్ గోడ మీద, ప్రతి డిపో గేటు మీద రాయాలి. బోర్డు మినిట్స్ నెల తిరక్కుండా బయటపెట్టాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. వీటిలో సగం ఒక్క జీవోతో అయ్యే పనులు. పైసా ఖర్చు లేదు. అయినా చేయరు. ఎందుకంటే వీటికయ్యే ఖర్చు డబ్బు కాదు, పెత్తనం.

విద్యార్థి మిత్రులారా, సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. మీ జిల్లాకు కరెంటిచ్చే కంపెనీ, మీ ఊరికి బస్సు నడిపే సంస్థ బోర్డులో ఎవరెవరున్నారు, ఏడాదిలో ఎన్నిసార్లు కూర్చున్నారు, ప్రభుత్వ బకాయి మీద ఎన్ని తీర్మానాలు చేశారు అని పది రూపాయల దరఖాస్తు పెట్టండి. ఉద్యోగ సోదరులారా, పీఆర్సీ, డీఏలతో పాటు బోర్డులో కుర్చీని కూడా మీ డిమాండ్ల పత్రంలో రాయండి. సంస్థ బతికితేనే డీఏ. రైతు సంఘాల పెద్దలారా, ఈసారి నియంత్రణ మండలి విచారణకు వెళ్లినప్పుడు ఛార్జీ తగ్గించమని అడిగే ముందు, ఛార్జీ పెంచిన గదిలో మాకు చోటేదని అడగండి.

కంపెనీ మనది అంటున్నారు. మనదైతే ఖాతా పుస్తకం మన ముందు తెరవాలి. తెరిచే రోజు వచ్చేదాకా ఈ ప్రశ్న ఆగదు.